పోలిక ఎంత దూరం వస్తుంది?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యామండళ్లకు, పాఠ్యప్రణాళికలు తయారుచేసే సంఘాలకు, డిగ్రీ కళాశాలల అధ్యాపకులకు బహిరంగ లేఖ

కులం, స్త్రీపురుష భేదం, వైకల్యం, భాష, మతం: ఈ పాఠాలను నిర్వచనంతో మొదలుపెట్టి గట్టెక్కిన అధ్యాపకులు తక్కువ. బోర్డు మీద ‘సామాజిక స్తరీకరణ’ అని రాస్తే విద్యార్థులు నోట్సులోకి ఎక్కించుకుంటారు, పరీక్షలో అప్పజెబుతారు, అక్కడితో సరి. అందుకే పాఠం చెప్పేవారు పోలికను పట్టుకుంటారు. ఉగాది పచ్చడి, పరుగు పందెం, రైలు పెట్టె, ఉమ్మడి కుటుంబం వంటివి తరగతిలోకి అలా వచ్చినవే. తెలిసినదాన్ని చూపించి తెలియనిదాన్ని చెప్పడం పాత పద్ధతి, మంచి పద్ధతి. అయితే ఫిజిక్సు క్లాసులో కరెంటును నీటి ప్రవాహంతో పోల్చి ఎక్కడైనా పొరబడితే పోయేది ఒక లెక్క. కులం మీద చెప్పిన పోలిక పొరబడితే, అది ఎవరి గురించో ఆ మనిషి మూడో బెంచీలో కూర్చుని వింటూ ఉంటాడు.

భారతీయ తర్కశాస్త్రం పోలికకు పెద్దపీటే వేసింది. న్యాయదర్శనం ఒప్పుకునే నాలుగు ప్రమాణాల్లో ఉపమానం ఒకటి. తర్కసంగ్రహం చదివినవారికి గవయం ఉదాహరణ గుర్తుండే ఉంటుంది. గవయమంటే ఏమిటో ఎరగని పట్నవాసికి అడవిలో తిరిగేవాడు అది ఆవులాంటి జంతువని చెబుతాడు. ఎప్పుడో ఇతను అడవికి వెళ్తాడు, ఆవును పోలిన జంతువు ఎదురవుతుంది, విన్న మాట గుర్తొస్తుంది, గవయమంటే ఇదేనని తెలుస్తుంది. వైశేషికులు, బౌద్ధులు దీన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోలేదు, ఆ తగవు ఇక్కడ అక్కర్లేదు. ఇంటి దగ్గర ఆవును ఎంతసేపు చూసినా గవయం తెలియదన్నదే ఇక్కడికి కావలసిన సంగతి. అడవి దాకా నడవాలి. తరగతి గదుల్లో తరచు ఆవు దగ్గర ఉండగానే గంట కొట్టేస్తారు. ఏ ప్రశ్న ఇచ్చినా ఆవు మీదే వ్యాసం రాసే పిల్లవాడి కథ తెలుగువారికి నవ్వులాటే గాని, అధ్యాపకులకూ వర్తిస్తుంది.

పోలిక చెప్పి వదిలేస్తే పని జరగదని మనోవిజ్ఞాన ప్రయోగాలు కూడా చూపించాయి. మేరీ గిక్, కీత్ హోలియోక్ 1980లో అమెరికాలో కాలేజీ విద్యార్థుల చేత ఒక కథ చదివించారు. కోటకు వెళ్లే దారులన్నిటా మందుపాతరలు ఉంటాయి, సేనంతా ఒకే దారిన వెళ్తే పేలతాయి, అందుకని సేనాని చిన్నచిన్న దళాలను అన్ని దారులా పంపి ఒకేసారి కోట మీద పడతాడు. తరవాత ఒక వైద్య సమస్య ఇచ్చారు: చుట్టూ ఉన్న కండ దెబ్బతినకుండా లోపలి కణితిని కిరణాలతో ఎలా కాల్చాలి? జవాబు కథలోనే ఉంది. అయినా తమంతట తాము దాన్ని అందుకున్నవారు పదిమందిలో ముగ్గురికి అటూ ఇటూ. ‘ఇందాకటి కథ పనికొస్తుంది చూడండి’ అనగానే అందుకున్నవారు సుమారు నాలుగింట మూడు వంతులు. ఒక కథకు బదులు రెండు కథలిచ్చి రెండింటినీ పోల్చమంటే అసలు సూత్రం ఇంకా బాగా పట్టుబడుతుందని 1983లో అదే జంట చూపింది. సైన్సు పాఠ్యపుస్తకాల కోసం షాన్ గ్లిన్ అనే విద్యావేత్త రూపొందించిన ఆరు మెట్ల పద్ధతిలో ఒక మెట్టు, పోలిక ఎక్కడ వర్తించదో విడమర్చి చెప్పడం. వైవిధ్యం గురించిన పాఠాల్లో మన వాళ్లు ఎక్కకుండా దాటేసే మెట్టు అదే.

ఉగాది పచ్చడి సంగతి చూడవచ్చు. భిన్నత్వంలో ఏకత్వం అనగానే ఆరు రుచులు వచ్చేస్తాయి. భాషలు, పండుగలు, తిండి, కట్టుబొట్టు వేరువేరుగా ఉండి కూడా ఒక దేశంలో ఇముడుతాయని చెప్పడానికి ఇది చాలు. కులం దగ్గరికి తీసుకువెళ్తే మాత్రం చేతికి రాదు. వేపపువ్వును బెల్లానికి దూరంగా వేరే గిన్నెలో పెట్టమని ఏ ఇంట్లోనూ అనరు. పచ్చడిలో తేడాలున్నాయి, ఎక్కువ తక్కువలు లేవు. తేడా వేరు, అంతరం వేరు అన్నది ఈ పాఠాలన్నిటికీ పునాది, ఆ పునాదినే పచ్చడి కప్పేస్తుంది. అంతరాన్ని చూపించే పోలిక అంబేడ్కర్ ‘మూక్‌నాయక్’ తొలి సంచికలో, 1920 జనవరి 31న ఇచ్చారు. హిందూ సమాజం ఆయన దృష్టిలో మెట్లు లేని అంతస్తుల బురుజు. ఒక అంతస్తులో పుట్టినవాడు ఎంత యోగ్యుడైనా పైకి పోలేడు, పైవాడు ఎంత అయోగ్యుడైనా కిందికి దిగనక్కర్లేదు. వందేళ్లు దాటినా దీనికి సాటి రాలేదు. దీనికీ ఒక హద్దుంది: బురుజులో అంతస్తులు కదలవు, చరిత్రలో కొన్ని కులాలు తమ స్థానం మార్చుకోవడానికి పట్టుబట్టి ఆచారాలు మార్చుకున్నాయి. ఎం.ఎన్. శ్రీనివాస్ దానికి సంస్కృతీకరణ అని పేరు పెట్టారు.

తరగతి గదిలోనే దొరికే ఒక పోలికను ఎవరూ పెద్దగా వాడుకోవడం లేదు. కాలేజీల్లో, పరీక్ష హాళ్లలో, కోచింగ్ సెంటర్లలో కుడిచేతివైపు రాతపలక బిగించిన కుర్చీలు ఉంటాయి. కుడిచేతి వాటం వారికి అది ఉత్త కుర్చీ. పుర్రచేతి వాటం విద్యార్థి నడుము పక్కకు తిప్పి, మోచేతికి ఆనిక లేకుండా, మూడు గంటలు రాస్తాడు. రాసిన అక్షరాల మీదుగానే చెయ్యి జరుగుతుంది గనక అరచేతి అంచుకు సిరా అంటుతుంది, జవాబు పత్రం మీద మరకలు పడతాయి. కుర్చీ చేసినవాడికి ఎవరి మీదా పగ లేదు, కొన్నవారికీ లేదు. అయినా ఇబ్బంది మాత్రం కచ్చితంగా ఒకరికే వస్తుంది. తరగతి మొత్తాన్నీ ఐదు నిమిషాలు ఎడమచేత్తో రాయమంటే ఉపన్యాసం అక్కర్లేదు.

వైకల్యం గురించిన పాఠానికి ఇది సరిగ్గా అతుకుతుంది. కష్టం కాలులో కాదు, మెట్లలో ఉందన్న ఆలోచన బ్రిటన్‌లో 1970లలో వికలాంగుల ఉద్యమంలోనే పుట్టింది. మైక్ ఒలివర్ దానికి 1983లో ‘సోషల్ మోడల్’ అని పేరు పెట్టారు. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు కేటాయించమంది, తగిన సదుపాయాలు కల్పించమంది. ర్యాంపు దయాధర్మం కాదని, ఎడమవైపు పలకలాంటిదేనని విద్యార్థికి తట్టాలి. అయితే కుర్చీ మారిస్తే పుర్రచేతి వాటం వాడి కష్టం అక్కడితో తీరుతుంది. ర్యాంపు కట్టినంత మాత్రాన నొప్పి, మందుల ఖర్చు, తోడు మనిషి అవసరం తీరవు. కులం దగ్గరికి తెస్తే పోలిక పూర్తిగా తెగుతుంది. కుర్చీ వల్ల లాభపడేవారు ఎవరూ లేరు. కులంలో ఉన్నారు.

లాభపడేవారూ నష్టపోయేవారూ ఇద్దరూ కనిపించే పోలిక ఆయకట్టులో దొరుకుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో, సాగర్ కాలువల కింద పెరిగిన విద్యార్థులకు దీన్ని కొత్తగా చెప్పనక్కర్లేదు. కాలువ ఒకటే, నీళ్లు వదిలే రోజూ ఒకటే. తూము పక్క పొలం నాట్లు ముగించుకుని పచ్చబడే వేళకు శివారు పొలంలో దమ్ము చేయడానికి తడి ఉండదు. పై మడి నిండి, గట్టు పొర్లి, నీరు మురుగు కాలువలో కలుస్తుంటే కింది రైతు ఆయిలింజను అద్దెకు తెచ్చి డీజిలు పోసి ఆ మురుగు నీటినే తోడుకుంటాడు. విత్తనం ఒకటే, రెక్కల కష్టం ఒకటే, నీటి తీరువా కూడా ఇద్దరికీ ఒకటే. ఆఖరికి దిగుబడి తగ్గితే మాత్రం శివారు రైతుకు సేద్యం చేతకాదంటారు.

నీరు చాలని ఏడాది వంతులు పెడతారు. వారబందీ అన్నా అదే. పై తూములు కొన్ని రోజులు దించేస్తే నీరు చివరి దాకా పోతుంది. అప్పుడు పై రైతు అనే మాట అన్ని ఊళ్లలోనూ ఒకటే: మా నీళ్లు వాళ్లకిస్తున్నారు. రిజర్వేషన్ల మీద తరగతిలో రేగే వాదమంతా ఈ ఒక్క మాటలో ఉంది. నీళ్లు ఎవరివి? పొలం తూము పక్కన ఉండటం ఎవరి ప్రతిభ? ఈ ప్రశ్నలు అడిగి అధ్యాపకుడు పక్కకు తప్పుకుంటే విద్యార్థులే తేల్చుకుంటారు.

పరుగు పందెం పోలిక కంటే ఇది మెరుగని చెప్పడానికి కారణం ఉంది. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 జూన్ 4న హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంతో పందెం పోలిక ప్రసిద్ధికెక్కింది: ఏళ్ల తరబడి సంకెళ్లలో ఉన్నవాణ్ని విప్పి తెచ్చి గీత దగ్గర నిలబెట్టి పరుగెత్తమంటే న్యాయమవుతుందా అని. సంకెల వేసిన చేతులు అందులో ఉన్నాయి గనక ఆ ప్రసంగం నిలబడింది. మన తరగతుల్లోకి వచ్చేసరికి సంకెల జారిపోయి, నెమ్మదిగా పరుగెత్తేవాడు ఒక్కడే మిగిలాడు. గోడ మీదుగా ఆట చూడటానికి ముగ్గురు పెట్టెలెక్కే బొమ్మ కూడా అంతే. 2012లో క్రెయిగ్ ఫ్రోలే గీసిన బొమ్మ మార్పులు పొందుతూ లోకమంతా తిరిగింది. అందులో ఒకడు పుట్టుకతోనే పొట్టి. లోపం మనిషిలో ఉన్నట్టు, సాయం పైనుంచి వచ్చినట్టు అది చెబుతుంది. ఆయకట్టు పోలికలో రైతు పొట్టివాడు కాడు, నేల పల్లాన దూరంగా ఉంది.

ఆయకట్టు పోలిక తెగే చోటు మరీ ముఖ్యం. శివారు రైతుకు నీరు అందదు, నీటిని ముట్టుకోవద్దని మాత్రం ఎవరూ అనరు. 1923లో బొంబాయి శాసనమండలి ప్రజా చెరువులు, బావులు అందరికీ తెరవాలని తీర్మానించింది. మహాడ్ పురపాలక సంఘం మరుసటి ఏడు దాన్ని ఆమోదించింది. అక్కడి చవ్‌దార్ చెరువు నిండా నీళ్లే. అయినా 1927 మార్చి 20న అంబేడ్కర్, వేలమంది అనుచరులు ఆ నీళ్లు తాగితే వారిపై దాడి జరిగింది, ఆపైన చెరువును పంచగవ్యంతో శుద్ధి చేశారు. కోర్టు వ్యవహారం 1937లో గాని తేలలేదు. అంత దూరం పోనక్కర్లేదు. కారంచేడు డెల్టా ఊరే. దళితులు తాగే చెరువు నీటిని మురికి చేయవద్దన్నందుకు మొదలైన గొడవ 1985 జులై 17న ఆరుగురు దళితుల హత్య దాకా పోయింది. అది నీటి కొరత వల్ల జరిగింది కాదు. వంతుల పాఠం ఇక్కడ ఆగి, అంటరానితనాన్ని నిషేధించిన 17వ అధికరణం పాఠం ఇక్కడ మొదలుకావాలి. పోలిక తెగిన చోటే గవయం కనబడుతుంది.

ఒకే పోలిక రెండు వాదాలకు ఎలా ఉపయోగపడుతుందో రైలు పెట్టె చెబుతుంది. ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని ఏడుగురు సభ్యుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2024 ఆగస్టు 1న 6-1 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. జస్టిస్ బి.ఆర్. గవాయ్ తన విడి తీర్పులో వర్గీకరణను వ్యతిరేకించేవారిని జనరల్ బోగీ ప్రయాణికులతో పోల్చారు: ఎక్కేదాకా బయట తోసుకుంటారు, ఎక్కాక వెనకవాళ్లను రానివ్వరు. 2025 మే నెలలో మహారాష్ట్ర స్థానిక ఎన్నికల వ్యాజ్యంలో జస్టిస్ సూర్యకాంత్ రిజర్వేషన్లన్నిటి గురించీ అదే రైలు పెట్టెను ప్రస్తావించారు. మొదటిదాంట్లో పెట్టె ఎస్సీ కోటా, రెండోదాంట్లో దేశంలోని రిజర్వేషన్ మొత్తం. పెట్టె మారగానే లోపల ఎవరు, బయట ఎవరు అన్నది మారిపోతుంది.

తెలుగు నేల మీద ఈ వర్గీకరణ పుస్తకాల సంగతి కాదు. 1994లో మొదలైన దండోరా ఉద్యమం, 2004లో చిన్నయ్య కేసులో ఉమ్మడి రాష్ట్ర చట్టం కొట్టివేత, 2025లో తెలంగాణ 1, 9, 5 శాతాలుగా, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5 శాతాలుగా 15 శాతం ఎస్సీ కోటాను విభజించడం, ఇదంతా ఆ తరగతిలోని కుటుంబాల కథ. మాల, మాదిగ విద్యార్థులు పక్కపక్కన కూర్చున్న గదిలో రైలు పోలిక విసిరేసి ఊరుకుంటే అది పాఠం కాదు, నిప్పు. ఆ పోలికలో లేనిది అడగాలి. ఈ రైలుకు జనరల్ పెట్టెలు ఎన్ని తగిలించారు, ఎవరు తగిలించారు? తలుపు దగ్గర తోసుకునేవారిని చూసి నొచ్చుకుంటున్నవారు ఏ పెట్టెలో కూర్చున్నారు?

స్త్రీల విషయంలో మారిలిన్ ఫ్రై 1983లో చెప్పిన పంజరం పోలిక ఇప్పటికీ చెల్లుతుంది. ఒక ఊచనే చూస్తే పక్షి దాని పక్కనుంచి ఎందుకు ఎగిరిపోదో అర్థం కాదు. హాస్టల్ గేటు సాయంత్రం ఆరింటికి మూయడం ఒక ఊచ. లైబ్రరీ తొమ్మిది దాకా తెరిచి ఉండటాన్ని దాని పక్కన పెట్టి చూస్తే రెండో ఊచ కనిపిస్తుంది. 2015లో ఢిల్లీ విద్యార్థినులు హాస్టల్ ఆంక్షల మీద లేచినప్పుడు ఉద్యమానికి ‘పింజ్రా తోడ్’ (పంజరం విరగ్గొట్టు) అని పేరు పెట్టుకున్నారు. అదే ఏడు తెలుగు అకాడమీ ‘టువర్డ్స్ ఎ వరల్డ్ ఆఫ్ ఈక్వల్స్’ అనే ద్విభాషా జెండర్ పాఠ్యపుస్తకాన్ని ప్రచురించింది. ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇలాంటి పాఠాలు తెలుగులో చెప్పవచ్చని అది రుజువు చేసింది.

భాషల పాఠానికి గిడుగు రామమూర్తి ఒక్కరు చాలు. వ్యవహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం ప్రతి ఆగస్టు 29న గుర్తుచేసుకుంటారు. సవర భాష నేర్చి, ఆ భాష మీద 1931లో గ్రంథం వెలువరించింది కూడా ఆయనే. నోటి తెలుగు బడిలో ఉండాలన్న వాదం ఒప్పుకున్న విద్యార్థి, సవర పిల్లకు సవరలో బడి అక్కర్లేదని అనలేడు. తేడా కూడా చెప్పాలి: వ్యవహారిక తెలుగుకు అచ్చుయంత్రం, పత్రికలు, కోట్ల నోళ్లు అండగా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో గోండీ మాతృభాషగా ఉన్నవారు దాదాపు 30 లక్షలు, సంస్కృతం మాతృభాషగా చెప్పినవారు 25 వేల లోపు. ఎనిమిదో షెడ్యూలులో సంస్కృతం ఉంది, గోండీ లేదు.

అమెరికా చదువులకు వెళ్లే తెలుగు విద్యార్థులకు కులం, జాతి పోలిక ఎదురవుతుంది. జ్యోతిరావు ఫూలే 1873లోనే బానిసత్వాన్ని తుదముట్టించిన అమెరికా ప్రజలకు తన ‘గులాంగిరీ’ గ్రంథాన్ని అంకితమిచ్చారు. సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించింది. అయితే ఒంటి రంగు కంటికి కనబడుతుంది. కులాన్ని మాటల్లో వెతుకుతారు: ఏ ఊరు, ఇంటిపేరేంటి, మనవాళ్లేనా? తొలిరోజు పరిచయాల్లో తరగతి గదిలోనే వినిపించే ప్రశ్నలివి. అధ్యాపకుల నోట కూడా.

ఇక, పరిచితమైన పోలిక అంటారు గాని, ఎవరికి పరిచితం? దేశాన్ని విస్తరితో పోల్చి అన్ని పదార్థాలకూ చోటుందంటే వినసొంపుగా ఉంటుంది. పెళ్లిలో ఏ బంతిలో కూర్చోవాలో చెప్పించుకున్న ఇంటి పిల్లకు విస్తరి అనగానే గుర్తొచ్చేది పదార్థాలు కాదు. ఉమ్మడి కుటుంబం పోలిక చెప్పేవారు అందులో కోడలి స్థానం ఏమిటో చెప్పరు. గుడ్డివాళ్లు, ఏనుగు కథ నలుగురి దృష్టికోణాలు నేర్పడానికి వాడతారు, చూపులేని విద్యార్థి ముందు చూపులేకపోవడాన్నే అజ్ఞానానికి గుర్తుగా నిలబెడతారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందన్నది వంటింట్లో నిజం, ఎందుకంటే మెతుకులన్నీ ఒకే ఎసట్లో ఉడికాయి. మనుషుల మీద అదే మాట వాడితే ఒకరిని చూసి కులాన్నంతా, మతాన్నంతా తూచడమవుతుంది.

మండళ్లనూ, సంఘాలనూ ఈ లేఖ కోరేవి పెద్ద పనులేమీ కావు. సామాజిక శాస్త్రాలు, జెండర్, మానవ విలువల పాఠ్యపుస్తకాలను మళ్లీ సవరించేటప్పుడు, అచ్చులో ఉన్న ప్రతి పోలిక కిందా అది ఎక్కడ వర్తించదో నాలుగు వాక్యాలు చేర్చాలి. ప్రతి అంశానికీ ఒకటి కాక రెండు పోలికలు ఇచ్చి, రెండింటినీ విద్యార్థుల చేతనే పోల్చించాలి. అధ్యాపకుల పునశ్చరణ తరగతుల్లో దీనికి ఒక పూట కేటాయించాలి. ప్రశ్నపత్రంలో ‘ఉదాహరణతో వివరించుము’ అన్నచోట ‘ఈ ఉదాహరణ ఎక్కడ సరిపోదో కూడా రాయుము’ అని ఒక్క వాక్యం కలపాలి. వీలైతే వచ్చే ఏడు కొనే కుర్చీల్లో కొన్నిటికి పలక ఎడమవైపు బిగించమనాలి.